జిప్సం అక్కర్లేదు

మే 18

వదినకు,

నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు అన్నయ్య నడుము గురించి, ఒక పేజీ నా పెళ్ళి గురించి రాశావు. నీ గురించి రాయడానికి కాగితం చాలలేదు కాబోలు. నా పెళ్ళి సంగతి అలా ఉంచు. ఇక్కడ నాకు పరిచయమైన వాళ్ళంతా గాజు సీసాల్లో ఉంటారు, వాళ్ళలోనే ఒకడితో సర్దుకుంటాలే.

అన్నయ్య బండి మీద నుంచి పడి నాలుగు నెలలైంది. ఇప్పటికీ తనంతట తాను లేచి కూర్చోలేకపోతున్నాడని రాశావు. ఆ మట్టి కాంట్రాక్టరు వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడని చదివాక భయం వేసింది. కొత్త రోడ్డుకు మన్ను కావాలి, నిజమే. అందుకు మన రెండెకరాలే దొరికాయా? నాలుగడుగుల లోతు తవ్వి పట్టుకుపోతే అక్కడ మిగిలేది చేను కాదు, గొయ్యి. "ఈ ఒక్క పంటా చూద్దాం, పండకపోతే సంతకం పెట్టేస్తాను" అని అన్నయ్య అన్నాడంటే, ఆ చేనును తీసుకొచ్చి నీ నెత్తిన పెట్టాడన్నమాట.

నేను వచ్చి కలుపు తియ్యలేను. నాకు చేతనైంది మట్టి పరీక్ష. పదకొండేళ్ళుగా ఎవరెవరి మట్టో పరీక్షిస్తున్నాను కానీ మన చేను మట్టి ఒక్కసారీ చూడలేదు. అన్నయ్య పంపనిచ్చేవాడు కాదు. "నాన్న నాలుక మీద వేసుకుని చెప్పేవాడు, నీ యంత్రాలెందుకు" అనేవాడు. ఇప్పుడు నువ్వు పంపు.

ఎలా తియ్యాలో చెబుతాను, శ్రద్ధగా చదువు. చేనంతా తిరుగుతూ పదిచోట్ల జానెడు లోతు గుంటలు తియ్యి. ఒక్కో గుంట గోడ నుంచి పైనుంచి కింది దాకా పలచగా గీసి తట్టలో వేసుకో. అన్నీ గోనె మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచి మిగతావి తీసెయ్యి. అర కిలో మిగిలేదాకా అలాగే చెయ్యి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట పోసిన చోట మాత్రం తియ్యకు.

ఇంకో మాట. ఇది నా పుట్టింటి మన్ను, మా ఆఫీసరు ముందు పెట్టాలి. పెళ్ళిచూపులకు పిల్లను పంపినట్టు మంచి మట్టి చూసి పంపు, నా పరువు తీయకు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గనుక,
నీ అర్ధమొగుడు


మే 30

మరదలు పిల్లకు వదిన రాసేది,

మట్టి మూట ఈ ఉత్తరంతో పాటే వస్తోంది. గుడ్డసంచిలో పోసి, దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, నాలుగు పేటల దారంతో కట్టాను. పోస్టాఫీసు గుమాస్తా "ఏముందమ్మా ఇందులో" అని రెండుసార్లు అడిగాడు. మట్టి అంటే నమ్మలేదు. "మట్టిని తూకం వేయించి పంపేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. మా ఆడబిడ్డకు పుట్టింటి సారె అన్నాను.

మీ అన్నయ్య నిన్న రెండు దిళ్ళు ఆనించుకుని పావుగంట కూర్చున్నారు. కిటికీలోంచి చేను కనబడుతుంది కదా, చూపంతా అటే. గడ్డి మొలిచి ఉంది, ఇంకా దున్నించలేదు. ఆ కాంట్రాక్టరు మొన్న మళ్ళీ వచ్చాడు. సరిగ్గా నేను పారా తట్టా పట్టుకుని బయలుదేరుతున్నప్పుడే వచ్చాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను. నవ్వి, "పరీక్ష దేనికమ్మా, ఆ మట్టి రోడ్డు కింద పొయ్యడానికి తప్ప దేనికీ పనికిరాదు" అన్నాడు. మీ అన్నయ్య గోడ వైపు తిరగబోయారు కానీ నడుము తిరగనివ్వలేదు. ఆ మనిషి నోరు మూయించే కాగితం ఒకటి నువ్వు పంపగలిగితే అంతే చాలు నాకు.

దుక్కికి మనిషిని మాట్లాడాను. విత్తనానికి వేరుశనగ కాయలు నేనే వలుస్తున్నాను. బొటనవేలు పగిలింది, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. మామూలుగా అయితే ముత్యాల్లా ఉంటాయని నీకు తెలుసు.

గాజు సీసాల్లో వాడైనా సరే, పొగతాగనివాణ్ణి చూసుకో.

నీ మంచి కోరే
వదిన


జూన్ 16

వదినకు,

కూర్చుని చదువు. నిలబడి చదివితే గెంతుతావు.

నీ మూట విప్పి ఆరబెట్టి, కొయ్య సుత్తితో మెత్తగా కొట్టి, జల్లెడ పట్టాను. చిన్న బొగ్గుముక్క ఒకటి, గుడ్డు పెంకు పలుకులు రెండు వచ్చాయి. ఏరి పారేశాను. చేనులో కూర్చుని గుడ్డు ఒలుచుకుని తినే అలవాటు ఇంకా పోలేదన్నమాట నీకు. ఆ తర్వాత అన్నీ వరసగా చూశాను. భాస్వరం చూసేటప్పుడు నీళ్ళు నీలంగా మారతాయి. నీలం ఎంత చిక్కనైతే అంత భాస్వరం ఉన్నట్టు. నీ మట్టికి సిరాబుడ్డి ఒలికినంత నీలం వచ్చింది. పొటాష్ పుష్కలం. పులుపు లేదు. కాల్షియం నేను ఈ ఏడాది చూసిన నమూనాలన్నిటికంటే ఎక్కువ. మా ఆఫీసరు అంకెలు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వేరుశనగకు ఇంతకంటే మంచి నేల నేను చూడలేదు, ఎవరిదిది" అన్నాడు. మా నాన్నది అన్నాను. నాకు ఏడుపొచ్చింది వదినా, చెబితే నవ్వుతావు.

మన్ను నల్లగా ఉండడం చూసి కాస్త ఆశ్చర్యపోయాను. నా జ్ఞాపకంలో మన చేను ఎర్రనిది. ఇన్నేళ్ళు అన్నయ్య ఎరువు తోలితోలి దాని రంగే మార్చేశాడు.

ఇక చెయ్యవలసింది. విత్తనానికి బ్యాక్టీరియా పొడి పట్టించు, అది ఇందులో పెట్టాను. బెల్లం నీళ్ళలో కలిపి గింజలకు పట్టించి నీడలో ఆరబెట్టాలి. వేళ్ళకు బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టిచ్చేది ఆ సూక్ష్మజీవులే. సూపర్ ఫాస్ఫేట్ వెయ్యకు. పొటాష్ వెయ్యకు. జిప్సం అక్కర్లేదు. గింజ నిండడానికి కాల్షియం కావాలి, జిప్సం వేసేది అందుకే. అది మన నేలలోనే కావలసినంత ఉంది. ఉన్నదాని మీద ఇంకా పోస్తే దండగ.

రిపోర్టు మీద మా ఆఫీసరు సంతకం, ముద్ర ఉన్నాయి. ఆ కాంట్రాక్టరుకు చదివి వినిపించు.

గర్వంతో ఉబ్బిపోయిన
నీ మరదలు


జూన్ 27

మరదలు పిల్లకు,

రిపోర్టు చదివి వినిపించాను. కాంట్రాక్టరు ఆ ముద్రను చేత్తో తడిమి చూసి, కుర్చీ తీసి గోడకానించి వెళ్ళిపోయాడు. మీ అన్నయ్య ఆ కాగితాన్ని మూడుసార్లు చదివించుకున్నారు. ఇప్పుడది ఆయన దిండు కింద ఉంటోంది. "మన చేను గురించి నాలుగు మంచి మాటలు రాసిన కాగితం ఇదొక్కటే" అన్నారు. ఐదు నెలల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

విత్తనం పడింది. నువ్వు చెప్పినట్టే పొడి పట్టించాను. సూపర్ వెయ్యలేదని చెబితే మీ అన్నయ్య "పువ్వు రాలి ఊడలు మట్టిలోకి దిగేటప్పుడు జిప్సమైనా వేద్దాం, మా నాన్న ఏనాడూ మానలేదు" అన్నారు. అక్కర్లేదని రాసింది కదా అన్నాను. "అయితే అక్కర్లేదు. అది చదువుకున్నది" అన్నారు.

నిన్నొకటి అడగాలి. జిప్సం నిజంగా బొత్తిగా అక్కర్లేదా? కొంచెమైనా వేస్తే నష్టమా? ఊరికే అడుగుతున్నాను. పెద్ద చదువులవాళ్ళ దగ్గర పిచ్చి ప్రశ్నలు అడగడానికే వదినలను పెట్టారు.

వాన మంచిగానే ఉంది. తలుపు దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి, రాళ్ళు పరిచాను.

వదిన


జూలై 21

మరదలికి,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. పని ఎక్కువై ఉంటుంది.

మొక్కలు వేలెడెత్తు లేచాయి. రంగు బాగాలేదు, పాలిపోయి ఉన్నాయి. నువ్వు ఎప్పుడో చెప్పావు కదా, మొక్క పీకి వేళ్ళ బుడిపెలు చూడాలని, గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉండాలని. ఆరు మొక్కలు పీకాను. ఒక్కోదానికి నాలుగో ఐదో ఉన్నాయి, ఆవగింజంత. చీలిస్తే తెల్లగా ఉన్నాయి.

పక్క చేను ముసలాయన జిప్సం తెప్పించుకుంటున్నాడు. బండిలో చోటుంది, నీకూ ఎనిమిది బస్తాలు వేయించనా అని అడిగాడు. పదిహేను రోజుల్లో చెబుతానన్నాను.

చేనంతా మట్టి ఒకలాగే ఉంటుందంటావా? అంటే, ఒకచోట తీసిన మట్టికీ ఇంకోచోట మట్టికీ బాగా తేడా ఉండొచ్చు కదా. నువ్వు పరీక్షించింది ఎంతైనా పిడికెడు మట్టి. నాకు రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టడం లేదు. ఏం చెయ్యమంటావో ఒక్క ముక్క రాయి.

వదిన


జూలై 29

వదినకు,

నెల రోజుల్లో మూడు వందల నమూనాలు వచ్చి పడ్డాయి. అందుకే రాయలేదు. నా వేళ్ళు ఆమ్లానికి పసుపుపచ్చగా అయిపోయాయి, తలుపు గడియ పట్టుకుంటే మండుతున్నాయి.

నీ ఉత్తరం చదివి కష్టమనిపించింది. దాచుకోవడం ఎందుకు, కోపం కూడా వచ్చింది. తేడా రాకుండా ఉండడానికే పదిచోట్ల తియ్యమన్నాను. పదిచోట్ల తీసి కలిపిన మట్టి పిడికెడు కాదు, అది చేను. పక్క చేను ముసలాయన ఏం వేస్తే అది వెయ్యడానికైతే నాకెందుకు మూట కట్టి పంపావు? ఊళ్ళోవాళ్ళంతా నా రిపోర్టు పట్టుకెళ్ళి ఎరువుల కొట్టువాడి మాట వింటారు. అది నాకు అలవాటే. నా ఇంట్లోవాళ్ళు కూడా అదే చేస్తారనుకోలేదు.

బుడిపెల సంగతి చెబుతాను. బలమైన నేలలో బుడిపెలు తక్కువే కడతాయి. కలిగినింటి పిల్లాడు పనికి పోతాడా? నేలలోనే నత్రజని దొరుకుతుంటే మొక్క సూక్ష్మజీవుల కోసం ఎందుకు పాటుపడుతుంది? కంగారు పడకు. పాలిపోయింది కాబట్టి ఎకరాకు పది కిలోల యూరియా చల్లు, వారంలో పచ్చబడుతుంది.

జిప్సం అక్కర్లేదు. అక్కర్లేదని చెప్పాను కదా. వేస్తే మొక్క చావదు, నిజమే. కానీ మంచంలో ఉన్న మనిషి ఇంట్లో ఎనిమిది బస్తాలు దండగ పొయ్యడం ఏం తెలివి? నా మీద నమ్మకం లేకపోతే వేసుకో, నన్ను అడక్కు.

అన్నయ్యకు నడుం కింద పెట్టుకోవడానికి రబ్బరు సంచి పంపుతున్నాను. అందులో వేడినీళ్ళు పొయ్యాలి, మరిగేవి కాదు.

నీ మరదలు


ఆగస్టు 13

మరదలికి,

రబ్బరు సంచి అందింది. మీ అన్నయ్యకు హాయిగా ఉందట.

యూరియా చల్లాను. చేను పచ్చబడింది. ఊడలు దిగుతున్నాయి. పువ్వు రాలిన చోట నుంచి సన్నటి ఊడ వంగి మట్టిలోకి దూరుతుంటే చూడ్డానికి నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. నేల పైన పూసి నేల లోపల కాసే మొక్క ఇదొక్కటే కదా. లోపలికి పోయాక ఏం జరుగుతోందో పీకేదాకా ఎవరికీ తెలియదు.

జిప్సం వెయ్యలేదు. ముసలాయన బండి ఖాళీ చోటుతోనే వచ్చింది. నీ మాట మీదే ఉన్నాను, నా మీద కోపం పెట్టుకోకు.

నిన్న ఇద్దరు మనుషులను పిలిచి మీ అన్నయ్యను మంచంతో సహా గట్టు దాకా మోయించాను. చేయి చాచి ఆకులు నిమిరారు. "రిపోర్టు అబద్ధం చెప్పలేదు" అన్నారు.

వదిన


సెప్టెంబరు 3

వదినకు,

కోపం ఎప్పుడో పోయింది. అన్నయ్య గట్టు మీద ఉన్నాడన్న వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను.

మీ సంగతి మా ఆఫీసరుకు చెప్పాను. ఎరువు దండగ చెయ్యకుండా పండిస్తున్న చేను అని చెప్పడానికి ఆ రిపోర్టు నకలు ఒకటి గోడకు అంటించాడు. వచ్చేపోయే రైతులు అది చదువుతుంటే పక్కన నిలబడి తెలియనట్టు సీసాలు కడుగుతున్నాను.

కాయ పీకాక కొలత రాయి. గోడ మీద దాన్ని కూడా రాయిస్తాడట.

నీ అర్ధమొగుడు


అక్టోబరు 9

మరదలికి,

నీకు తొందరగా చెప్పెయ్యాలి, లేకపోతే రాయలేను. కాయ లేదు.

కాయ ఉంది, గింజ లేదు. మొదటి మొక్క పీకితే బరువుగా వచ్చింది, కాయలు గుత్తులుగా ఉన్నాయి. చేత్తో పట్టుకుని ఊపాను. ఏ చప్పుడూ రాలేదు. నొక్కితే టప్పున పగిలి గాలి వచ్చింది. రెండోది, మూడోది కూడా అంతే. పైన పటారం లోన లొటారం అంటారే, అదీ. ఎక్కడో ఒకదాంట్లో గింజ ఉంటే ముడతలు పడి ఉంది, విప్పితే మొలక ఉండే చోట నల్లగా ఉంది. విత్తనాల వ్యాపారి వచ్చి దోసెడు కాయలు ఒలిచి చూసి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. గట్టు అవతల ముసలాయన చేను నిండుగా కాసింది. అదే వాన, అదే విత్తనం.

ఇప్పుడు అసలు సంగతి. నీకు పంపింది చేను మట్టి కాదు.

ఆ రోజు నువ్వు చెప్పినట్టే పదిచోట్ల తవ్వాను. గోనె మీద పోసి చూశాను. ఎర్రగా, గరుగ్గా, పలుకురాళ్ళతో, ముష్టివాడి గిన్నెలో నూకల్లా ఉంది. కాంట్రాక్టరు మాట అప్పుడే విన్నాను, ఇంకా చెవిలో ఉంది. నువ్వేమో ఆఫీసరు ముందు పరువు తీయకన్నావు. వేళాకోళమని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మట్టిని అలా పంపడానికి చేతులు రాలేదు. మొగుడు మంచాన పడ్డాక చేనును ఇలా చేసిందని అనుకుంటారనిపించింది. గట్టు మీద పారబోసి ఇంటికొచ్చి, పెరట్లో నుంచి తీశాను. చిన్నప్పుడు నువ్వు ఆకుకూర మళ్ళు వేసిన మూల. పొయ్యి బూడిద, గుడ్డు పెంకులు, పేడ నేను రోజూ పోసేది అక్కడే. అదీ మన మన్నే కదా, నీ చేతులు పడిన మన్నే కదా అనుకున్నాను. మట్టి పరీక్షంటే మార్కులు వేసేదనుకున్నాను. మందు రాసేదని తర్వాత తెలిసింది.

చెప్పాలని జూలైలో రాశాను. నువ్వు కోప్పడ్డావు, నేను నోరు మూసుకున్నాను. అప్పటికే కాగితం ఆయన దిండు కింద ఉంది.

మీ అన్నయ్య ఏడవలేదు. ఒక ఖాళీ కాయను వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూశారు. "చెల్లి లెక్క తప్పదు. మట్టిలో అన్నీ ఉన్నాయి, అయినా గింజ పట్టలేదంటే చేనే చచ్చిపోయింది. చచ్చినదాన్ని ఇస్తే తప్పులేదు" అన్నారు. ఈ నెల ఇరవై నాలుగున సంతకం.

నన్ను ఏమన్నా పడతాను.

వదిన


అక్టోబరు 16

వదినా,

నిన్ను ఏమనడానికీ నాకు నోరు లేదు.

బొగ్గుముక్క నేను చూశాను. గుడ్డు పెంకు చూశాను. మన్ను నల్లగా ఉందని నీకే రాశాను. తెల్ల బుడిపెలని నువ్వు రాస్తే కలిగినింటి పిల్లాడని పిట్టకథ చెప్పాను. ఇంకెవరి మూటలోనైనా బొగ్గు వస్తే "ఎక్కడ తీశారయ్యా ఇది" అని అడిగేదాన్ని. పదకొండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. నా పుట్టింటి మన్ను మంచిదని అంకె చెప్పగానే నాకు ఇంకేమీ కనిపించలేదు.

అదలా ఉండనీ. చేను చావలేదు. దయచేసి ఇది అర్థం చేసుకో. ఇసుక కలిసిన ఎర్ర గరప నేలలో కాల్షియం తక్కువ ఉంటుంది, వానలకు కిందికి దిగిపోతుంది. వేరు తాగిన కాల్షియం ఆకులోకి పోతుంది కానీ కాయలోకి రాదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టిలో నుంచి తానే తీసుకోవాలి. అందుకే ఊడలు దిగేటప్పుడు మొక్క మొదట్లో జిప్సం వేస్తారు. నాన్నకు ఈ వివరం తెలియదు, వెయ్యాలని మాత్రం తెలుసు. సూపర్ ఫాస్ఫేట్‌లో కాస్త కాల్షియం ఉంటుంది, దాన్నీ నేనే ఆపించాను. వచ్చే ఏడు ఎనిమిది బస్తాలు వేస్తే ఇదే చేను పండుతుంది. ఎనిమిది బస్తాలు, అంతే.

అన్నయ్యకు చెప్పు. సంతకానికి ముందే చెప్పు. నేను నేరుగా రాస్తే నిన్ను దాటి చెప్పినట్టవుతుంది, నీ నోటితోనే చెప్పు. తిడతాడు, తిట్టనీ. గోడ మీది రిపోర్టు నేను చింపేశాను. ఎందుకని ఆఫీసరు అడిగితే నమూనా తప్పని చెప్పాను. "నీ కళ్ళేమయ్యాయి" అన్నాడు.

ఈసారి చేను మట్టి పంపు. ఎలా ఉన్నా సరే.

నీ మరదలు


నవంబరు 5

మరదలికి,

నీ ఉత్తరం ఇరవై రెండున అందింది. సంతకానికి రెండు రోజుల ముందు. పోస్టు ఆలస్యమైందని రాద్దామనుకున్నాను. ఇంకో అబద్ధం ఎందుకని ఉన్నది రాస్తున్నాను.

చెబుదామని మూడుసార్లు మంచం దగ్గరికి వెళ్ళాను. మొదటిసారి ఆయన నిద్రపోతున్నారు. రెండోసారి కాళ్ళు పట్టమన్నారు, పట్టి వచ్చేశాను. మూడోసారి దిండు సర్దుతుంటే ఆ కాగితం కింద పడింది. తీసి ఇవ్వమని చెయ్యి చాచారు. ఇచ్చాను. మడతలు చిరిగిపోయాయి, వెనక అట్ట అంటించమన్నారు. "పోతే పోయింది, మంచి చేను అని రాయించుకుని మరీ పోయింది" అన్నారు. అట్ట అంటించి ఇచ్చాను, చెప్పలేదు. ఆ మంచిది పెరట్లో బూడిద కుప్పని ఎలా చెప్పను? చేనూ పోయి, ఆ కాగితమూ పోతే ఆ మనిషికి ఏం మిగులుతుంది?

సంతకం చేశారు. మర్నాడే యంత్రం వచ్చింది. పది రోజులుగా లారీలు తిరుగుతున్నాయి. ఇంట్లో గిన్నెలు గలగలమంటుంటాయి. మీ అన్నయ్య మంచం అవతలి గోడ వైపుకు జరిపించుకున్నారు, కిటికీ కనబడకుండా.

యంత్రం రాకముందు తెల్లవారుతూనే నేను పార తీసుకుని వెళ్ళాను. పదిచోట్ల, జానెడు లోతు, గోడ నుంచి పలచగా. గట్టు పక్కన తియ్యలేదు. చెట్టు కింద తియ్యలేదు. గోనె మీద కలిపి నాలుగు భాగాలు చేశాను. మూట దీనితో పంపుతున్నాను. ఎందుకని అడక్కు. నువ్వు పంపమన్నావు, ఒక్కసారైనా నీ మాట సరిగ్గా వినాలనిపించింది.

ఆయనకు ఎప్పటికీ చెప్పకు. నా మీద ఒట్టు.

వదిన


నవంబరు 21

వదినకు,

మూట విప్పగానే ఎర్రమన్ను. నాకు జ్ఞాపకమున్న రంగే. జల్లెడలో బొగ్గు రాలేదు, పలుకురాళ్ళు వచ్చాయి. అవి పారెయ్యలేదు, డబ్బాలో వేశాను.

అన్ని పరీక్షలూ చేశాను. ఒకటికి రెండుసార్లు చేశాను. మట్టి కాస్త పులుపు. కాల్షియం చాలా తక్కువ. భాస్వరం పరవాలేదు. పొటాష్ సరిపడా ఉంది. ఇందులో చచ్చింది ఏదీ లేదు. ఇలాంటి నమూనాలు మా దగ్గరికి వారానికి పది వస్తాయి, పదిమందికీ ఒకే సలహా రాస్తాం, పదిమందీ పండించుకుంటారు.

రిపోర్టు కాగితం అడుగున "రైతు చేయవలసినది" అని ఒక గడి ఉంటుంది. ఖాళీగా వదిలితే రిజిస్టరులోకి ఎక్కించరు. అందుకని రాశాను: ఊడలు దిగేటప్పుడు ఎకరాకు రెండు వందల కిలోల జిప్సం. అన్నయ్య మంచంలో నుంచి చెప్పింది ఇదే. ఆఫీసరు చదివి సంతకం చేశాడు. ఏ చేనని అడగలేదు.

నువ్వు చెప్పలేకపోయినందుకు నిన్ను తప్పు పట్టను. నేను అన్నయ్యకే రాసి ఉండొచ్చు. నిన్ను దాటకూడదని ఆగానని రాశాను కదా, అది సగమే నిజం. రాస్తే "చెల్లి లెక్క తప్పదు" అన్న మాట పోతుంది. నీ పరువు కాపాడుతున్నాననుకుంటూ నా పరువు కాపాడుకున్నాను. పరువు తీయకని మొదట రాసింది కూడా నేనే. నీ ఒట్టు నిలబెడతాను. అందులో నా గొప్పేమీ లేదు, నాకూ అదే సుఖం.

వచ్చే నెల సెలవు పెట్టి వస్తాను. కొత్త రోడ్డు అప్పటికి పూర్తవుతుందని బస్సు స్టాండులో చెప్పారు, రెండు గంటలు తగ్గుతుందట. దాని మీదే రావాలి.

మామూలుగా పరీక్షయ్యాక మిగిలిన మట్టిని నెల రోజులుంచి పారబోస్తాం. ఇది పారబొయ్యను. పావు కిలో ఉంది. రెండెకరాలు కదా, ఇప్పుడు పావు కిలో.

ఈ ఉత్తరం అన్నయ్య కంట పడకూడదు. చదివి పొయ్యిలో వెయ్యి. ఆ బూడిద ఎప్పటిలాగే పెరట్లో ఆ మూలనే పొయ్యి. విత్తనం కాయలు పిడికెడు మిగిలి ఉంటే వానలకు అక్కడే పెట్టు. ఇక మనకున్న చేను అదే. దానికి నా మొదటి రిపోర్టు సరిగ్గా సరిపోతుంది, అందులో ఒక్క అంకె కూడా తప్పు లేదు. జిప్సం అక్కర్లేదు.

నీ ఆడబిడ్డ